ఆఖరి విజిల్ తర్వాత

మా అపార్ట్‌మెంట్‌లో ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టుకి ఏడాదిలో చాలా అవతారాలు. వినాయక చవితికి అది మండపం. దసరా ముందు బతుకమ్మ ఆడే చోటు. ఎవరింట్లో ఫంక్షన్ అయినా టెంటు, బఫే అక్కడే. మామూలు రోజుల్లో సగం కోర్టు బైకుల పార్కింగ్. ఇవన్నీ పోగా మిగిలిన టైంలో, మిగిలిన సగంలో, అది బాస్కెట్‌బాల్ కోర్టు.

ఆ సగంలోనే పోయిన శుక్రవారం రాత్రి నాకో ప్రశ్న ఎదురైంది.

మా బ్లాకులో థర్డ్ ఫ్లోర్ కుర్రాడు. బీటెక్ మూడో సంవత్సరం. పేరు రాయను, రాస్తే కాలేజీలో ఏడిపిస్తారట. ఆరడుగుల రెండంగుళాలు. యూనివర్సిటీ టీమ్ ప్రాబబుల్స్‌లో వాడి పేరొచ్చింది. పదిహేను రోజుల క్యాంపు. అందులో నిలబడితే సౌత్‌జోన్ ఇంటర్ యూనివర్సిటీ టోర్నమెంట్. అంతా బాగానే ఉంది కానీ, సరిగ్గా అదే పదిహేను రోజుల్లో కాలేజీలో ఒక కంపెనీ ఇంటర్న్‌షిప్ కోసం టెస్టు పెడుతోంది. ఇది వదిలితే మళ్ళీ ఎప్పుడో తెలియదు.

"అన్నా, నిజం చెప్పు. బాస్కెట్‌బాల్‌ల కెరీర్ ఉంటదా, ఉండదా?"

నేను జవాబు చెప్పేలోపు వాళ్ళమ్మ కిందికి దిగింది. చేతిలో పాల ప్యాకెట్. నన్ను చూసి అంది: "తమ్ముడూ, జర నువ్వన్నా చెప్పు వీనికి. నువ్వు గూడా ఆడినోనివే కదా. ఆ బాల్ నీకేమన్న అన్నం పెట్టిందా?"

నవ్వేశాను. పైకి వచ్చాక నవ్వు రాలేదు.

నా కథ, కొంచెమే

ఎందుకంటే అక్క అడిగింది కరెక్టే. ఆ బాల్ నాకు అన్నం పెట్టలేదు.

నేను ఐదడుగుల తొమ్మిదంగుళాల పాయింట్ గార్డ్‌ని. ఎత్తు లేదు కాబట్టి కాళ్ళతో, కళ్ళతో ఆడేవాణ్ని. కాలేజీలో నన్ను నా పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. క్యాంటీన్‌లో, బస్సులో, లేడీస్ హాస్టల్ గేటు ముందు (ఎక్కువ చెప్పను) అంతా "బాస్కెట్‌బాల్ అన్న" అనే. మూడేళ్ళు అదే నా ఇంటిపేరు. కాలేజీ బ్రోచర్‌లో నా ఫోటో వేశారు, గాల్లో లేచి లే-అప్ వేస్తున్నది. అదే సెమిస్టర్‌లో అటెండెన్స్ 75 శాతం లేదని కాండొనేషన్ ఫీజు కూడా కట్టించుకున్నారు. ఫోటో తీసిన రోజుకి కూడా ఆబ్సెంటే వేశారు.

2009. ఫైనల్ ఇయర్. ఇంటర్ కాలేజ్ సెమీఫైనల్. రీబౌండ్ కోసం ఎగిరి ఒంటికాలి మీద దిగాను. ఒళ్ళు ఒక వైపు తిరిగింది, మోకాలు ఇంకో వైపు ఉండిపోయింది. టక్‌మని సౌండు. అది నాకు వినపడింది, నన్ను కాపలా కాస్తున్న అవతలి టీమ్ కుర్రాడికీ వినపడింది. వాడి మొహం చూసి నాకు అర్థమైంది. ఏసీఎల్ లిగమెంట్ తెగింది. ఆపరేషన్, ఆరు నెలలు ఫిజియో, చేతికర్ర, నాన్న పీఎఫ్ లోన్.

ఇక్కడిదాకా చాలామంది ఆటగాళ్ళ కథ ఇదే. ఎవరూ చెప్పనిది దాని తర్వాతది.

నొప్పి తగ్గింది. నడిచాను. నైట్ షిఫ్ట్ ఉద్యోగం దొరికింది. కానీ ఎవరైనా "ఏం చేస్తుంటావ్?" అని అడిగితే నోరు తిరిగేది కాదు. మూడేళ్ళు నేనేంటో నాకు తెలుసు. ఒక్క సాయంత్రంలో తెలియకుండా పోయింది. రెజ్యూమెలో చివరి లైన్‌లో, హాబీల కింద, "మ్యూజిక్, క్రికెట్ చూడటం" అని రాశాను. బాస్కెట్‌బాల్ అని రాయలేదు. రాస్తే అడుగుతారు. అడిగితే చెప్పాలి.

తొమ్మిదేళ్ళు బాల్ ముట్టుకోలేదు. సికింద్రాబాద్ వైఎంసీఏ వైపు వెళ్ళాల్సి వస్తే వేరే రోడ్డులో వెళ్ళేవాణ్ని. అక్కడి కోర్టులో బాల్ నేలకి తగిలే చప్పుడు వినడం నా వల్ల కాలేదు.

ఆ కుర్రాడు అడిగింది "కెరీర్ ఉంటదా" అని. ఆ ప్రశ్న నాకు మాత్రం ఇంకోలా వినపడింది: "ఆట అయిపోయాక నేను ఉంటానా?" అని.

ఎత్తు ఏడడుగులైనా

2015 జూన్. ఆఫీసులో టీ బ్రేక్. ఫోన్‌లో వార్త. ఇండియాలో పుట్టిన కుర్రాడు ఒకడు మొదటిసారి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యాడు. సత్నామ్ సింగ్. పంజాబ్‌లోని బల్లో కే అనే ఊరు. ఏడడుగుల రెండంగుళాలు. పందొమ్మిదేళ్ళు. డల్లాస్ మావెరిక్స్ 52వ పిక్‌గా తీసుకుంది. అంతకు ఐదేళ్ళ ముందు, 2010లో, ఇంగ్లిష్ రాని పిల్లాడిగా స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్ళాడు. కాలేజీ బాస్కెట్‌బాల్ కూడా ఆడకుండా నేరుగా డ్రాఫ్ట్‌కి వచ్చాడు. ఆ రోజు ఏదో మా ఇంటివాడే గెలిచినట్టు పక్క సీటు వాళ్ళందరికీ టీ ఇప్పించాను.

ఆ తర్వాత ఏమైందో చాలామందికి తెలియదు. అతను ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. రెండు సీజన్లు దాని కింది లీగ్‌లో టెక్సాస్ లెజెండ్స్‌కి ఆడాడు. ఇండియాకి తిరిగి వచ్చాడు. కెనడా లీగ్‌లో ఆడాడు. 2019లో డోప్ టెస్టులో పాజిటివ్ వచ్చింది, రెండేళ్ళ నిషేధం పడింది. పాతికేళ్ళకే బాస్కెట్‌బాల్ దారి మూసుకుపోయింది.

ఇప్పుడు? అమెరికాలో ప్రొఫెషనల్ రెజ్లర్. 2021లో ఏఈడబ్ల్యూ అనే కంపెనీతో సంతకం చేశాడు, 2022లో రింగులోకి దిగాడు. నవ్వకండి. నూట ముప్పై కోట్ల మందిలో మొదటివాడు అనిపించుకున్నవాడు కూడా ఇరవై ఆరేళ్ళకి మళ్ళీ మొదటి నుంచి ఇంకో పని నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్చుకున్నాడు. నాకు డ్రాఫ్ట్ కంటే అదే పెద్ద విషయం అనిపిస్తుంది.

అమెరికాలో అయితే కాలేజీ బాస్కెట్‌బాల్ అంటే పెద్ద పండగ. స్టేడియాలు నిండుతాయి, టీవీలో లైవ్ వస్తుంది. అక్కడ కూడా డ్రాఫ్ట్‌కి అర్హత ఉన్న కాలేజీ ఆటగాళ్ళలో ఎన్‌బీఏకి ఎంపికయ్యేది నూటికి ఇద్దరు కూడా కాదు. అందుకే ఎన్‌సీఏఏ వాళ్ళే ఏళ్ళ తరబడి టీవీలో యాడ్ వేశారు, మా విద్యార్థి ఆటగాళ్ళలో దాదాపు అందరూ ప్రొఫెషనల్స్ అయ్యేది ఆటలో కాదు, వేరే పనిలో అని. అంత డబ్బున్న చోటే లెక్క అది.

మన దగ్గర? 2015లో యూబీఏ అని ఒక లీగ్ వచ్చింది. "హైదరాబాద్ స్కై" అని మనకూ ఒక టీమ్ ఉండేది, గుర్తుందా? 2017 తర్వాత ఆ లీగే లేదు. మన దేశంలో బాస్కెట్‌బాల్ మీద బతికేవాళ్ళంటే ఎక్కువగా ఉద్యోగులే. రైల్వేస్, సర్వీసెస్, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ లాంటి టీమ్‌లు. ఇండియా కెప్టెన్‌గా ఏళ్ళ తరబడి ఆడి అర్జున అవార్డు తీసుకున్న విశేష్ భృగువంశీ కూడా ఓఎన్‌జీసీ ఉద్యోగే. పొద్దున ప్రాక్టీసు, నెలాఖరుకి జీతం. మన దగ్గర ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ అంటే ప్రస్తుతానికి ఇదే.

మన ఊరి ఇద్దరు

అయితే మన హైదరాబాద్‌లోనే ఇద్దరి జీవితాలు చూడండి. ఇద్దరిదీ బాస్కెట్‌బాల్ కాదు, అయినా ప్రశ్న ఇదే.

ఒకరు పి.వి. రమణ. వాలీబాల్. 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన ఇండియా జట్టులో ఆడారు. 2000లో అర్జున అవార్డు. ఆయన భార్య విజయ కూడా వాలీబాల్ ప్లేయరే. ఆయనకి ఆట ఇచ్చింది రైల్వే ఉద్యోగం. ఆ ఉద్యోగంతో పాటు సికింద్రాబాద్ రైల్వే వాళ్ళ మైదానం. ఆయన అక్కడ వాలీబాల్ ఆడుతుంటే పక్కన బ్యాడ్మింటన్ కోర్టులో ఆడుకున్న చిన్నపిల్ల పేరు సింధు. ఆట ఆగిపోయినా మైదానం పక్కన ఉండగలిగారు. అదే కూతురికి దారి అయింది.

రెండోవారు పుల్లెల గోపీచంద్. నాకు ఆయనలో నచ్చేది ఆల్ ఇంగ్లండ్ ట్రోఫీ ఒక్కటే కాదు. ఆయన కూడా ఒకప్పుడు కాలేజీ స్టారే. ఏవీ కాలేజీలో డిగ్రీ చదివారు, 1990, 1991లలో ఇండియన్ కంబైన్డ్ యూనివర్సిటీస్ బ్యాడ్మింటన్ టీమ్‌కి కెప్టెన్. 1994లో ఆయన మోకాలు దెబ్బతింది. పుణె నేషనల్ గేమ్స్, డబుల్స్ మ్యాచ్. ఆ లైన్ మొదటిసారి చదివినప్పుడు నా చెయ్యి దానంతటదే నా మోకాలి మీదికి వెళ్ళింది. ఆయన అక్కడ ఆగలేదు. ఆపరేషన్ల తర్వాత 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ప్రకాశ్ పడుకోన్ తర్వాత ఇరవై ఒక్క ఏళ్ళకి.

కానీ అసలు కథ రెండో ఇన్నింగ్స్. 2003లో ప్రభుత్వం గచ్చిబౌలిలో ఐదెకరాలు ఇచ్చింది. డబ్బు చాల్లేదు. ఇల్లు తాకట్టు పెట్టారు. 2008కి అకాడమీ నిలబడింది. 2012లో సైనా ఒలింపిక్ కాంస్యం, 2016లో సింధు రజతం.

ఇంత చేసిన మనిషి 2025లో ఒక మాటన్నారు. డబ్బున్నవాళ్ళో, వెనక కుటుంబ వ్యాపారం ఉన్నవాళ్ళో అయితే తప్ప పిల్లల్ని ఆటల్లో వెయ్యొద్దు అని. పెద్ద గొడవ అయింది. గోపీచందే ఇలా అంటే ఎలా అని చాలామంది బాధపడ్డారు. నేను బాధపడలేదు. నాకు ఆ మాట కోపంలా వినపడలేదు, లెక్క చూసినవాడి మాటలా వినపడింది. పైకి చేరిన పది మందిని మనం చూస్తాం. ఆయన అకాడమీలో, టోర్నమెంట్లలో, చేరలేకపోయిన వందల మందిని కూడా చూసి ఉంటారు. వాళ్ళకి పాతికేళ్ళ వయసులో ఏముంది, ఎవరు ఉద్యోగం ఇస్తారు, ఎవరు గౌరవం ఇస్తారు అనేది ఆయన బాధ.

సిరాజ్‌కి, నిఖత్ జరీన్‌కి 2024లో మన ప్రభుత్వం డీఎస్పీ పోస్టులు ఇచ్చింది. చూసి గర్వపడ్డాం, పడాల్సిందే. కానీ ప్రపంచ చాంపియన్‌కి డీఎస్పీ సరే, యూనివర్సిటీ టీమ్‌లో ఆరో మనిషికి ఏముంది?

కుర్రాడికి చెప్పింది

శనివారం రాత్రి కోర్టు పక్కన అరుగు మీద కూర్చున్నాం. హైవే మీద ఫ్లైఓవర్ పనుల చప్పుడు. నేను గొప్ప సలహాలేం ఇవ్వలేదు. నాకు 2009లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనుకున్నవే చెప్పాను. మీలో ఎవరైనా ఆడేవాళ్ళుంటే మీకూ పనికొస్తాయి.

ఒకటి. "రెండిట్లో ఏదో ఒకటి" అని అనుకునేముందు, నిజంగా అంతేనా అని కనుక్కో. ప్లేస్‌మెంట్ ఆఫీసుకి మెయిల్ పెట్టు. క్యాంపు తేదీల లెటర్ జతచెయ్యి, టెస్టుకి ఇంకో స్లాట్ ఉందా అని అడుగు. పీడీ సార్‌తో కూడా ఒక లెటర్ రాయించు. మేం అప్పట్లో అడగలేదు. సార్లంటే భయం, ఆటలంటే వాళ్ళకి చిన్నచూపు అని ముందే అనుకున్నాం. అడిగితే కాదనొచ్చు. అడక్కపోతే కాదన్నట్టే.

రెండు. సర్టిఫికెట్లు దాచుకో. నావి రెండు ఇల్లు మారినప్పుడు పోయాయి. ఇంటర్ యూనివర్సిటీ ఆడిన పేపర్‌కి విలువ ఉంది. రైల్వే స్పోర్ట్స్ కోటాలో 18 నుంచి 25 ఏళ్ళ లోపే తీసుకుంటారు. ఏ స్థాయి టోర్నమెంట్, ఎన్నో స్థానం అని చూస్తారు, ఆ పైన ట్రయల్స్ పెడతారు. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం స్పోర్ట్స్ కోటా ఉంది. నోటిఫికేషన్‌లో ఏ సర్టిఫికెట్ చెల్లుతుందో లైన్ లైన్ చదువు. ఇరవై రెండేళ్ళప్పుడు నేను ఇవేవీ చదవలేదు. మోకాలు పోయింది కాబట్టి ఆట పోయింది అనుకున్నాను, ఆటతో పాటు వచ్చేవి కూడా వదిలేశాను.

మూడు. కోర్టు మీద ఆడేది పదిమందే అయినా చుట్టూ ఎంతమంది పని చేస్తున్నారో చూడు. రిఫరీ, స్కోరర్, ఫిజియో, ట్రైనర్, కోచ్. పాటియాలాలో ఎన్‌ఐఎస్ ఉంది, కోచింగ్ డిప్లొమా ఇస్తుంది. బీపీఎడ్ చేస్తే స్కూళ్ళలో పీఈటీ. మన కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా స్కూళ్ళు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు. నువ్వు చదివేది కంప్యూటర్ సైన్స్. ప్లేయర్ల డేటా చూసే పనికీ అదే చదువు కావాలి. ఆటని ప్రేమించడానికి జెర్సీయే ఉండాలని రూల్ లేదు.

నాలుగు. ఇది చెప్పడానికి నాకు కొంచెం టైం పట్టింది. "ఒకరోజు నీ ఆట అయిపోతది. క్యాంపులో సెలెక్ట్ కాకపోతే వచ్చే నెలలో. ఇండియాకి ఆడితే ముప్పై ఐదేళ్ళప్పుడు. ఆ రోజు నీకు నువ్వు ఖాళీగా కనపడతావ్. అప్పుడు ఒక్కడివే కూర్చోకు. నాలాగా రోడ్డు మార్చుకుని తిరగకు. ఎవరికన్నా చెప్పు."

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "మరి నువ్వు మళ్ళ బాల్ ఎప్పుడు పట్టినవ్ అన్నా?"

తొమ్మిదేళ్ళ తర్వాత

2018లో. కొంపల్లి మున్సిపాలిటీ అయిన ఏడాదే మేం ఇక్కడ ఫ్లాట్‌లో దిగాం. ఏజెంట్ బాల్కనీ చూపించి "కోర్ట్ వ్యూ సార్" అని మురిసిపోయాడు. నా గుండె జారింది. అద్దె తక్కువ, మా ఆవిడకి వంటిల్లు నచ్చింది. దిగాం.

మొదటి నెల సాయంత్రాలు బాల్కనీ తలుపు మూసేవాణ్ని. ఒకరోజు కరెంటు పోయింది. ఉక్క. తలుపు తీయక తప్పలేదు. కింద ఎనిమిదేళ్ళ పిల్లవాడు గాలి సరిగా లేని బాల్‌ని కొడుతున్నాడు. డబ్... డబ్... నేల మీంచి సగమే లేస్తోంది. ఆ చప్పుడు వింటుంటే ఒళ్ళంతా చిరాకు. బాధ కాదు, చిరాకు. గాలి లేని బాల్‌తో ఎవడైనా డ్రిబుల్ చేస్తాడా! లుంగీ మీదే కిందికి దిగి, వాచ్‌మన్ దగ్గర సైకిల్ పంపు, సూది తీసుకుని గాలి కొట్టాను. బాగుందో లేదో చూద్దామని నేలకేసి ఒక్కసారి కొట్టాను.

నడుము దాకా లేచి నా అరచేతిలోకి వచ్చింది.

ఆ పిల్లవాడే ఇప్పుడు ఫోర్త్ ఫ్లోర్‌లో పదో తరగతి. ఆ రోజు నుంచి ఆదివారం పొద్దున ఆరున్నరకి పది మంది పిల్లలు కోర్టుకి వస్తారు. ఫీజు లేదు. నేను పరిగెత్తను, మోకాలు ఒప్పుకోదు, చలికాలం అయితే మెట్లు కూడా కష్టమే. విజిల్ ఊదుతాను, ఎడమ చేత్తో లే-అప్ నేర్పుతాను. మా అసోసియేషన్ మీటింగ్‌లో సగం పార్కింగ్ ఖాళీ చేయించడానికి ప్రతి నెలా గొడవ పడతాను. ఇది కెరీర్ కాదు. దీంట్లో రూపాయి రాదు. కానీ "ఏం చేస్తుంటావ్?" అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నోరు తిరుగుతుంది.

అక్క ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర అదే జవాబు. లేదక్కా, ఆ బాల్ నాకు అన్నం పెట్టలేదు. ఉద్యోగమే పెట్టింది. అందుకే నీ కొడుకుని టెస్టు రాయొద్దని నేను చచ్చినా చెప్పను. కానీ క్యాంపుకి వెళ్ళొద్దని కూడా చెప్పలేను. వెళ్ళకపోతే వాడు జీవితాంతం ఆ పదిహేను రోజుల గురించే మాట్లాడతాడు. వెళ్ళి ఓడిపోతే ఒక ఏడాది మాట్లాడతాడు, తర్వాత మరిచిపోతాడు.

ఆదివారం పొద్దున వాడు నాకు ఫోన్ చూపించాడు. ప్లేస్‌మెంట్ ఆఫీసుకి పెట్టిన మెయిల్. అందులో రెండు స్పెల్లింగ్ తప్పులు, "రెస్పెక్టెడ్ సర్" రెండుసార్లు. ఇది రాసే టైంకి జవాబు రాలేదు. బుధవారం లోపు రావాలి. వస్తే రెండూ. రాకపోతే వాడే తేల్చుకుంటానన్నాడు, ఏం తేల్చుకున్నా ముందు వాళ్ళమ్మకే చెప్తానన్నాడు. ఆ మాట నాకు చాలు.

తర్వాత పిల్లలతో కలిసి ప్రాక్టీసుకి దిగాడు. నేను తల ఎత్తి చూస్తే థర్డ్ ఫ్లోర్ బాల్కనీలో అక్క. చేతిలో టీ కప్పు. ఎంతసేపటి నుంచి నిలబడిందో. నేను చూశానని చూసి, కొంచెం తడబడి, పైనుంచే అడిగింది:

"తమ్ముడూ, వీనికి ఎడమ చెయ్యి మంచిగనే వస్తున్నదా?"

"ఇంకా రావాలక్కా" అన్నాను. "మొన్నటి మీద నయం."

"అయితే జర గట్టిగ నేర్పు" అంది. లోపలికి మాత్రం పోలేదు.